ఏ రంగు వెయ్యమంటారు?

ఆడవాళ్లకి నగలూ, పూలూ, రంగులూ ఎందుకని మనం చాలాకాలంగా అడుగుతూనే ఉన్నాం. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు వద్దంటూ రోడ్డెక్కిన వాళ్లలో స్త్రీవాదులూ ఉన్నారు, మన సంస్కృతి మంటగలిసిపోతోందని గోలపెట్టినవాళ్లూ ఉన్నారు. మేం అంటున్నది వేరు, వాళ్లు అంటున్నది వేరు అని విడమర్చి చెప్పుకోడానికి అప్పట్లో మనకి తలప్రాణం తోకకొచ్చింది. ముస్తాబు కమ్మని బలవంతపెట్టేదీ, ముస్తాబు మానమని బలవంతపెట్టేదీ ఒకటే పెత్తనం. మొగుడున్నామె బొట్టు లేకుండా గడప దాటకూడదు, మొగుడు పోయినామె బొట్టుతో గడప దాటకూడదు. ఇంతవరకూ మనలో ఎవరికీ పేచీ లేదు.

పేచీ ఆ తర్వాత మొదలవుతుంది. తుడిపేసిన రంగుని ఆ మనిషి మళ్లీ అడగకపోతే? అడగకపోగా, తన మీద రుద్దినదాన్నే నాకిదే బావుంది అంటే? దాన్ని ఆమె ఇష్టమని ఒప్పుకోవాలా, పితృస్వామ్యం ఆమె నోటితో పలికిస్తున్న మాట అనుకోవాలా? ఒప్పుకుంటే జరిగిన అన్యాయాన్ని మాఫీ చేసినట్టుంటుంది. ఒప్పుకోకపోతే ఎదుటి మనిషికి సొంత బుద్ధి లేదని తేల్చినట్టుంటుంది. మా అమ్మ పాత సైకిలుకి రంగు వేయించబోయి నేను ఈ ప్రశ్నకి చిక్కాను.

అమ్మ ఏఎన్ఎంగా పనిచేసింది, తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో. ఆ రోజుల్లో నర్సమ్మ ఉద్యోగమంటే సగం నడకే. 1975లో నాన్న అప్పు చేసి లేడీస్ సైకిలు కొన్నాడు. మెరూన్ రంగు, మడ్‌గార్డుల మీదా ఫ్రేము మీదా సన్నటి బంగారు గీతలు, హ్యాండిలుకి రెండువైపులా ప్లాస్టిక్ కుచ్చులు, చక్రాల ఇరుసుల చుట్టూ తిరిగే రంగు రంగుల రింగులు, చీర కుచ్చెళ్లు చిక్కుకోకుండా వెనకచక్రానికి జాలీ. మా పల్లెలో అప్పటికి ఉన్న సైకిళ్లన్నీ నల్లవో, ముదురాకుపచ్చవో. అమ్మ వస్తోందంటే అరమైలు దూరం నుంచే తెలిసిపోయేది.

1979లో నాన్న పోయాడు. అప్పటికి నాకు ఏడేళ్లు, అమ్మకి ముప్ఫై మూడు. దినకర్మలన్నీ అయిపోయి అమ్మ డ్యూటీలో చేరాల్సిన రోజు దగ్గరపడింది. అమ్మ జీతం రాకపోతే ఎనిమిదిమంది ఉన్న ఇల్లు గడవదు. సైకిలు లేకపోతే అమ్మ ఉద్యోగం నడవదు. అందుకని సైకిలుని ఉంచి రంగుని తీసేశారు. చిన్నాన్న పొద్దున్నే దాన్ని బజారుకి తోలుకెళ్లి మర్నాటికి నల్లగా తిరిగి తెచ్చాడు. కుచ్చుల్లేవు, రింగుల్లేవు. తళతళలాడే హ్యాండిలుకీ, రిమ్ములకీ, చివరికి బెల్లుకి కూడా అదే నలుపు పూయించాడు. "రంగుల సైకిలేసుకుని తిరిగితే ఊళ్లోవాళ్లు ఏవంటారు వదినా" అన్నాడట. సైకిలుకి అంటిన అశుభం ఒకటో తారీకు జీతానికి మాత్రం అంటలేదు. ఆ మాట అమ్మ ఎప్పుడూ అనలేదు, నేనంటున్నాను.

బొట్టూ, గాజులూ, పూలూ తీసెయ్యడం గురించి మనం చాలా రాశాం. వస్తువుల రంగు తీసెయ్యడం గురించి నాకు ఎక్కడా కనపడలేదు. వెతికితే ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అత్తగారి గదిలోంచి అద్దం తీసేసినవాళ్లున్నారు, పూల దుప్పటి తీసేసి తెల్లది పరిచినవాళ్లున్నారు. సంస్కర్తలు కూడా రంగు సంగతి విడిగా పట్టించుకోలేదు. 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించారు. ఎంత ధైర్యం కావాలో ఆ కాలంలో! కానీ ఆ దారిలో రంగు తిరిగి రావాలంటే ముందు మొగుడు తిరిగి రావాలి. మళ్లీ పెళ్లి చేసుకోని ఆడమనిషికి రంగు ఎవరిస్తారు? ఆ ప్రశ్నకి ఒక ఊరుమ్మడి జవాబు నేను చదివింది మహారాష్ట్ర నుంచి. కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామపంచాయితీ 2022 మే నెలలో, భర్త చనిపోయినప్పుడు బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం లాంటి ఆచారాలు తమ ఊళ్లో ఉండకూడదని తీర్మానం చేసింది. అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయితీలు కూడా ఆ దారిలో నడవమని ఉత్తర్వు ఇచ్చింది. పెళ్లితో ముడిపెట్టకుండా రంగుని రంగుగా వదిలేసిన మాట అది. మన సంస్కరణ మొదలైన 1856కీ ఆ తీర్మానానికీ మధ్య 166 ఏళ్లు.

ఇంకోవైపు నుంచి వచ్చే వాదన కూడా ఉంది. వియన్నా వాస్తుశిల్పి అడాల్ఫ్ లోస్ అలంకారాన్ని అనాగరికమని తిట్టిపోసిన మనిషి. 1898లో ఆడవాళ్ల దుస్తుల గురించి రాస్తూ, స్త్రీకి ఆర్థిక స్వాతంత్ర్యం వచ్చిననాడు పట్టూ, పూలూ, ఈకలూ, రంగులూ వాటంతటవే మాయమైపోతాయన్నాడు. మగవాణ్ణి ఆకట్టుకోడానికే అవన్నీ, ఆ అవసరం తీరితే అవి ఎందుకు అని ఆయన లెక్క. వినడానికి స్త్రీవాదం లాగే ఉంటుంది. మా ఇంట్లో జరిగింది చూడండి. సంపాదించే మనిషి అమ్మే. మగవాణ్ణి ఆకట్టుకోవాల్సిన పని లేదు. రంగులు మాయమయ్యాయి కూడా. లోస్ చూస్తే తన జోస్యం ఫలించిందనుకునేవాడు! రంగు పోయిందా ఉందా అని మాత్రమే చూసేవాడికి, దాన్ని తీసిన చెయ్యి కనపడదు.

అమ్మ ఆ నల్ల సైకిలుని ఇరవై రెండేళ్లు తొక్కింది. 2001లో మోకాళ్ల నొప్పులొచ్చి మానేసింది. తర్వాత అది పశువుల కొట్టంలో, ఆ తర్వాత మేడమెట్ల కింద పడి ఉంది. మా పక్కింట్లో అద్దెకుంటున్న వాళ్లమ్మాయి పాలిటెక్నిక్‌లో చేరింది, బస్సు దిగాక రెండు కిలోమీటర్లు నడుస్తోంది. ఆ పిల్లకి బాగుచేయించి ఇద్దాం అంది అమ్మ. అమ్మకి ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్లు. బాగుచేయించడమంటే అమ్మకి ట్యూబులూ, చైనూ, బాల్సూ. నాకు రంగు. మెరూన్ రంగుని తిరిగి తెప్పించాలని నేను మనసులో ఎప్పుడో అనేసుకున్నాను. ఆ పిల్ల నెమలిపింఛం రంగు మెటాలిక్ అడిగింది. అడుగున వెండి రంగు వేసి, పైన పారదర్శకంగా ఉండే నీలం వేసి, ఆపైన లాకరు కొడితే వస్తుంది ఆ రంగు. వెండిలోని అల్యూమినియం రేకుల ముక్కలు వెలుతురుని వెనక్కి కొడుతుంటాయి, నీలం లోపల్నించి వెలుగుతున్నట్టుంటుంది. చాలా బావుంటుంది, కాదనను.

పాత రంగు గీకే పని నేనే పెట్టుకున్నాను. పొడిగా గీకకూడదు. ఆ కాలపు ఎనామిళ్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇళ్లకి వాడే, అలంకరణకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎమ్ మించకూడదన్న నిబంధన మనదేశంలో 2017 నవంబరు నుంచి గానీ అమల్లోకి రాలేదు. అందుకని వాటర్ పేపరు నీళ్లలో ముంచి, ముక్కుకి మాస్కు కట్టుకుని, కింద పాత ఫ్లెక్సీ పరిచి రుద్దాను. ఇక్కడొక సంగతి. ఇనుముకి తుప్పు పట్టకుండా పూర్వం ముందుగా పూసే ఎర్రటి పూత సీసపు సింధూరం. హనుమంతుడికి పూసే సింధూరమూ, పాపిట్లో దిద్దే సింధూరమూ చాలాచోట్ల అదే. సీసం ఉందని కొన్ని సింధూరాల మీద అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరికలు కూడా ఇచ్చింది. ఇనుముకీ, మొగుడున్న ఆడదానికీ ఒకటే పూత! ఇప్పుడు ప్రైమరుగా వాడే రెడ్ ఆక్సైడ్ అయితే తుప్పుకి దగ్గర చుట్టం, ఇనుప ఆక్సైడే. తుప్పుని ఆపడానికి తుప్పు పొడి.

రుద్దుతుంటే పొరలు కనపడ్డాయి. అన్నిటికన్నా కింద ఎర్రటి ప్రైమరు. దానిపైన మెరూన్. దానిపైన నలుపు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతోంది. కింది నునుపుని గరుకు చెయ్యకుండా హడావిడిగా పూస్తే ఏ రంగైనా పట్టు దొరక్క అలాగే లేస్తుంది. అక్కడితో అయిపోతుందనుకున్నాను. ఆ పెచ్చుల నలుపు మీద సన్నటి బూడిదరంగు ప్రైమరు, దానిమీద ఇంకో నలుపు ఉంది. ఇది గట్టి నలుపు. కింద శ్రద్ధగా రుద్ది, లప్పం పెట్టి, సొట్టలు సరిచేసి వేసింది. వాటర్ పేపరుకి లొంగడానికి రెండు పూటలు పట్టింది.

"రెండోసారెవరు వేశారమ్మా?" అని అడిగాను.

"నేనే వేయించా. ఎనభై ఎనిమిదిలో. ఎరియర్స్ డబ్బులొచ్చినప్పుడు."

"చిన్నాన్న వేయించమన్నాడా?"

"ఆయన అప్పటికి వేరు పోయి నాలుగేళ్లు. షాపతను ఏ రంగు వెయ్యమంటారు మేడమ్ అన్నాడు. నలుపే వెయ్యమన్నా."

ఆ జవాబు నన్ను కొన్నాళ్లు నిద్రపోనివ్వలేదు. రెండు నలుపులు, ఒకదానిమీద ఒకటి. రెండూ ఎనామిలే. దూరం నుంచి చూస్తే తేడా లేదు. ఒకటి అమ్మని అడక్కుండా వేసింది, రెండోది అడిగితే అమ్మ చెప్పింది. రెండోదాన్ని అమ్మ స్వేచ్ఛ అనాలా? లేక మొదటిదే తొమ్మిదేళ్లలో లోపలికింకి రెండోదిగా బయటికొచ్చిందా?

ఈ ప్రశ్న మీద తత్వవేత్తలు చాలా కుస్తీ పట్టారు. నార్వే తత్వవేత్త యోన్ ఎల్‌స్టర్ 1983లో 'సోర్ గ్రేప్స్' అని పుస్తకమే రాశాడు. అందని ద్రాక్షపళ్లని నక్క పుల్లన అనుకోవడం మనకీ తెలిసిన కథే. దొరకనిదాన్ని కోరుకోవడం మానేసి, దొరికినదాన్నే ఇష్టపడేలా మనసు తనకి తెలియకుండానే సర్దుకుంటుంది. అలా సర్దుకున్న ఇష్టాలని చూసి మనిషి తృప్తిగా ఉందని లెక్కేస్తే న్యాయం జరగదు. మార్తా నస్‌బామ్ 2000లో వచ్చిన 'విమెన్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్'లో మన మహబూబ్‌నగర్ దగ్గరి స్త్రీల గురించి ఇదే సందర్భంలో రాశారు. సరైన తిండి లేదు, శుభ్రమైన నీళ్లు లేవు. చైతన్య కార్యక్రమం ఒకటి ఆ ఊరికి వచ్చేదాకా, తమకి జరుగుతున్నది అన్యాయమనిగానీ, వేరేలా ఉండొచ్చనిగానీ వాళ్లకి అనిపించినట్టు లేదంటారామె. అది చదివినప్పుడు నేను గట్టిగా తలూపాను. ఆకలికి అలవాటుపడిన మనిషి ఆకలిని ఎంచుకుందని ఎవరనగలరు?

కానీ మెరూన్ రంగు మంచినీళ్లు కాదు. ఊమా నారాయణ్ 2002లో రాసిన ఒక వ్యాసం నాకు ఇక్కడ ఎక్కువ పనికొచ్చింది. పాతఢిల్లీలో పరదా పాటించే పీర్జాదా స్త్రీల గురించి మాట్లాడుతూ, వాళ్లని బలవంతానికి బందీలుగానో, మాయలో పడిన అమాయకులుగానో చూడటం సరికాదంటారామె. వాళ్లకి పరదా వల్ల ఏం పోతోందో తెలుసు, ఏం వస్తోందో తెలుసు, రెండూ బేరీజు వేసుకుని పితృస్వామ్యంతో బేరమాడుతున్నారు. చేతులు కట్టేసి ఉన్నా ఆ చేతులతోనే ఏదో ఒకటి చేస్తున్నారు.

అమ్మని మళ్లీ మళ్లీ అడిగాను, మర్యాద కూడా మర్చిపోయి. ఒకరోజు, గట్లమ్మట తిరిగే సైకిలు, మెరూన్ మీద బురద కనపడుతుంది అంది. ఇంకోరోజు అసలు మాట చెప్పింది. "పురిటిళ్లకి పోయేదాన్నే నేను. నొప్పులు పడుతుంటే నర్సమ్మ కావాలి. బిడ్డ బయటపడ్డాక, ముండమోపి మొహం చూసిందని బారసాలకి పిలవరు. కొన్ని ఇళ్లల్లో ముసలమ్మలు నేను గడపలోకి రాగానే కళ్లు పక్కకి తిప్పుకునేవాళ్లు. రంగు సైకిలేసుకుపోతే దానిమీద ఇంకో మాట పడాలి. ఆ మాటలు పడుతూ కూచుంటే లోపలమ్మాయి సంగతేంటి?" ఊమా నారాయణ్ చెప్పిన బేరం ఇదే. నలుపు ఇచ్చి గడపలోకి అడుగు కొనుక్కుంది. అంతా తేలిపోయిందనుకున్నాను. మూడోరోజు నేను అడక్కుండానే, కూర తరుగుతూ, "ఏదో కారణాలు చెబుతున్నాగానీ అమ్మాయ్, నాకు ఆ నల్ల సైకిలంటే ఇష్టం" అంది. "ఎర్రది మీ నాన్న కొన్నాడు. నల్లది నేను తొక్కా. రెండుసార్లు రిమ్ములు మార్పించా, ఐదుసార్లు టైర్లు మార్పించా."

మూడు రోజుల్లో మూడు కారణాలు. వీటిలో ఏది నిజమని తేల్చాలని నేను మొదట తంటాలుపడ్డాను. తర్వాత నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. పెళ్లికూతురు నాకు ఎర్రచీర ఇష్టం అంటే ఆ ఇష్టం ఎక్కణ్నుంచొచ్చిందని ఎవరైనా సోదా చేస్తారా? మా చిన్నాన్నకి నలుపెందుకు నచ్చిందని ఒక్కరైనా అడిగారా? అన్యాయం జరిగిన మనిషి దగ్గరే మనం ఇష్టాలకి రశీదులు అడుగుతాం. అణచివేతకి గురైనవాళ్ల మాటని నమ్మాలని మన పత్రికల్లో మనమే రాస్తాం. వాళ్లు మనం అనుకున్నది చెప్పనప్పుడు మాత్రం అది వాళ్ల మాట కాదంటాం.

అలాగని అడగడమే మానేస్తే హేర్వాడ్ లాంటివి జరగవు. ఎవరి ఇష్టం వాళ్లది అనేది పెత్తందార్లకి బాగా పనికొచ్చే మాట. అందుకే ఎల్‌స్టర్ చెప్పినదాంట్లో ఒక ముక్క నేను ఉంచుకుంటాను. ఒక పని చెయ్యకుండా ఉండే స్వేచ్ఛ ఉండి కూడా మనిషి అదే కోరుకుంటే, ఆ కోరిక గతిలేక పుట్టిందని అనలేమంటాడాయన. సోదా చెయ్యాల్సింది మనసు లోపల కాదు, దాని చుట్టూ. 1988లో అమ్మకి మెరూన్ దొరికేదా? షాపులో డబ్బాలో దొరికేది, ధరా అంతే. ఊళ్లో? అక్కడ దాని ధర వేరు. ఆ ధర చిన్నాన్న వేరు పోయినంత మాత్రాన తగ్గలేదు. కాబట్టి 1988 నలుపుని సగం స్వేచ్ఛ అనుకుంటున్నాను నేను. సగం అనగానే తక్కువచేసినట్టు కాదు. ఆ కాలంలో ఆ ఊళ్లో సగం సంపాదించుకున్న ఆడవాళ్లు ఎంతమంది?

తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు సైకిలు నేర్పించారు. షీలారాణి చుంకత్ అప్పటి కలెక్టరు. వేలాదిమంది పల్లెటూరి ఆడవాళ్లు, క్వారీ కూలీలూ, అంగన్‌వాడీ వర్కర్లూ, నర్సులూ తొక్కారు. లేడీస్ సైకిళ్లు చాలకపోతే జెంట్సువే తీసుకున్నారు. కొందరు కావాలనే అవి ఎంచుకున్నారు, ముందు కడ్డీ మీద పిల్లని కూచోబెట్టుకోవచ్చని. 1992 మహిళా దినం నాడు పదిహేను వందల మందికి పైగా హ్యాండిళ్లకి జెండాలు కట్టి, బెల్లులు మోగిస్తూ ఊరేగారు. జెంట్సు సైకిలు వాళ్లకి రాజీ కాదు, పిల్లకి సీటు. బయటివాళ్లం చూసి ఏది రాజీయో ఏది ఎంపికో చెప్పేస్తే ఆ పిల్ల కనపడకుండా పోతుంది. సైకిలు వల్ల జరిగిన మేలుని తర్వాత లెక్కలు కట్టారు కూడా. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్లకని డబ్బిచ్చారు. దానివల్ల హైస్కూల్లో ఆ వయసు ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చారు. సైకిలు రంగు ఆ లెక్కలోకి రాదు, రానక్కర్లేదు కూడా. మెట్ల కింద వాటర్ పేపరు పట్టుకుని కూచున్న నాకు మాత్రం అదొక్కటే లెక్క.

చివరికి ఇప్పటి ఎంపిక. ఊరు లేదు, పురిటిళ్లు లేవు, చిన్నాన్న పోయి పదేళ్లయింది. మెరూనూ నలుపూ నెమలిపింఛమూ ఒకటే ఖరీదు. రంగు వేసే ఆయన ఒకప్పుడు దుకాణాలకి బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చాక బళ్లకి స్టిక్కర్లూ పెయింట్లూ చేసుకుంటున్నాడు. ఇంటికొచ్చి కేటలాగు అమ్మ చేతికిచ్చి, "ఏ రంగు వెయ్యమంటారమ్మా?" అన్నాడు. అమ్మ కేటలాగు అంతా తిరగేసింది. నెమలిపింఛం దగ్గర కాసేపు ఆగింది. "నలుపే వెయ్యి నాయనా. కానీ ఇనుపముక్కల మీద వెయ్యద్దు" అంది.

ఇనుపముక్కలంటే హ్యాండిలూ, బెల్లూ, రిమ్ములూ. 1979లో వాటికి పూసిన నలుపు అమ్మని ఎక్కువ బాధపెట్టిందని నాకు ఇప్పుడు తెలిసింది. రిమ్ముల మీది నలుపు బ్రేకు రబ్బర్లకి రాసుకుని తనంతటదే పోయిందట. బెల్లు మీదిది మాత్రం వారం తిరక్కుండా అమ్మే కత్తిపీట మొనతో గోకేసింది. రంగు పూస్తే బెల్లు మొద్దుగా మోగుతుంది, అవతలివాడికి వినపడదు, అందుకని గోకానంటుంది. అందులో మెరుపు కోసం కూడా ఉందా అని అడగబోయి ఊరుకున్నాను. హ్యాండిలుది అలాగే ఉండిపోయింది, రెండోసారి షాపులో దానిమీద మళ్లీ పూసేశారు.

ఆ మెరుపు మళ్లీ తేవాలంటే క్రోము పూత వేయించాలి. అది పెయింటు లాంటిది కాదు. ముందు నికెలు, దానిమీద మైక్రాను కూడా లేని పలచటి క్రోమియం. మనకి కనపడే మెరుపులో ఎక్కువభాగం కింది నికెలుదే. ఆ క్రోమియం తొట్లలోని ఆవిరి పీల్చేవాళ్లకి ముక్కులోపలి అడ్డుగోడకి చిల్లులు పడతాయి, ఊపిరితిత్తులకి క్యాన్సరొస్తుంది. మన దేశపు సైకిళ్ల రాజధాని లూథియానాలో పూత కర్మాగారాల నీళ్లు బుడ్ఢా నాలాలోకి, అక్కణ్నుంచి సట్లెజ్‌లోకి పోయాయి. ఒక సైకిలు హ్యాండిలు కోసం అంత ఆలోచించాలా అంటే, ఇప్పుడు ఎంచుకుంటున్నది మేమే కాబట్టి ఆలోచించాలి. ఇష్టం సొంతమైతే దాని ఖర్చు ఎవరి ముక్కులోకి పోతోందో చూసుకోవడం కూడా సొంతమే. నలుపు పూసినవాళ్లు ఒక్క మేలు చేశారు, తెలియకుండా. పెయింట్ రిమూవర్ రాసి గీకితే, నలభై ఏళ్లు గాలీ నీరూ తగలని పాత క్రోము చాలావరకు బతికే ఉంది. తుప్పు చుక్కలున్నచోట అల్యూమినియం ఫాయిలు ముక్క నీళ్లలో తడిపి రుద్దాను, పోయాయి. ఎడమచేతి పట్టు దగ్గర పూత పూర్తిగా లేచిపోయినచోట ఉత్త ఇనుమే ఉంది. అక్కడ లాకరు కొట్టించి వదిలేశాం.

నేను ఒక్కటి అడిగాను. చైన్ కవరు మీద జానెడు మేర పొరలన్నీ కనపడేలా, మెరూనూ, మొదటి నలుపూ, రెండో నలుపూ, అలాగే ఉంచి పైన లాకరు కొట్టిద్దాం అని. జ్ఞాపకంగా ఉంటుందన్నాను. "చిరుగు కనపడేలా చీర కట్టుకుంటామా? తొక్కే పిల్ల సిగ్గుపడుద్ది" అని కొట్టేసింది అమ్మ. ఆ పిల్లతో ఏం మాట్లాడిందో ఏమో, ఇరుసులకి రంగు రింగులు మాత్రం బజారంతా తిరిగి తెప్పించింది. పాతరకంవి ఇంకా దొరుకుతున్నాయి.

మడ్‌గార్డు మీద గీతలు వెయ్యడానికి పెయింటరు సన్నటి కుంచె తెచ్చుకున్నాడు. స్టిక్కరు వద్దు, చేత్తోనే వేస్తానన్నాడు, చెయ్యి మర్చిపోలేదన్నాడు. బంగారు రంగు డబ్బా మూత తీస్తుంటే అమ్మ ఆపింది. వెండిది వెయ్యమంది. బంగారు రంగులో ఉండేది రాగీ జింకూ కలిసిన పొడి, నాలుగు వానలకి గోధుమరంగుకి తిరుగుతుంది, మొదటి సైకిలుకి అలాగే అయిందట. వెండి రంగు అల్యూమినియం, అంత తొందరగా మాడదు. పెయింటరు అవునమ్మా అని డబ్బా మూసి, వెండి రంగు కలుపుకుని, ఊపిరి బిగబట్టి మొదటి గీత లాగాడు.